పదిహేడో నెంబరు ఇల్లు

"ఆ ఇల్లు తీసీ," అన్నాడు సోంబరు కూతురితో.

భాను కదల్లేదు. లాప్‌టాప్ మంచం మీద తెరిచి ఉంది. తెర మీద జీలుగుపుట్టు ఊరు మొత్తం, ఇరవై నాలుగు ఇళ్లూ ఎండలో మెరుస్తున్నాయి. బయట అసలు జీలుగుపుట్టులో మాత్రం పొద్దుటి మంచు ఇంకా విడలేదు.

"ఏ ఇల్లయ్యా?" అంది తెలియనట్టు.

"తెలీదేటి నీకు? పదిహేడు. నిన్న సాయంత్రం ఊరందరికీ సూపించినావు కదా, గోడ మీద నెంబరుతో సహా. అది తీసీ. తీసీసి ఎంతసేపైనా ఆడుకో."

ఆటలో ఇల్లు ఒకటి ఎక్కువైతే ఎవరికేం నష్టమని మీరు అడగొచ్చు. ఆ పొద్దు జీలుగుపుట్టులో ఆ మాట అడిగినవాడు ఒక్కడూ లేడు. సర్వేవాళ్ల జాబితాలో ఇరవై మూడు ఇళ్లున్నాయి. పదిహేడేళ్ల గుంట భాను ఆటలో ఇరవై నాలుగున్నాయి. ఆ తేడా సోంబరు తమ్ముడి పెళ్లాం సోములమ్మ ఇల్లు.

ఈ కొండల మధ్య రిజర్వాయరు కడతారు, ఊరు అందులో మునిగిపోతుంది. ఊరు ఖాళీ చెయ్యాలి. కింద తారురోడ్డు పక్కన కాలనీలో జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ ఒక ఇల్లు ఇస్తారు. జాబితాలో లేని ఇంటికి ఏమీ లేదు. మధ్యాహ్నం బడి దగ్గర గ్రామసభ పెట్టి ఆ జాబితా ఆఖరుసారి చదువుతారు.

నిన్న సాయంత్రం అందరూ సరదాగానే మొదలెట్టారు. వేసవి సెలవులకి హాస్టల్ నుంచి వస్తూ భాను కంప్యూటర్ సారు సన్యాసిరావు గారిని బతిమాలి ఈ పాత లాప్‌టాప్ తెచ్చుకుంది. అందులో ఆమె, హాస్టల్ స్నేహితురాళ్లూ కలిసి ఆడుకునే గడుల ఆట ఉంది. మట్టి గడి, రాతి గడి, చెక్క గడి ఒక్కొక్కటే పేర్చుకుంటూ ఏది కావాలంటే అది కట్టుకోవచ్చు. ఆ పిల్లలు జీలుగుపుట్టు కట్టారు. వాకిట్లో మంచం వేసి భాను లాప్‌టాప్ తెరిస్తే ముసలివాళ్లు సైతం వంతులు వేసుకుని మీటలు నొక్కారు. తమ గుమ్మం దాకా నడిచి, లోపలికి తొంగి చూసి సిగ్గుపడి నవ్వారు. పూజారి సింహాచలం తన ఇంటి చూరుకి వేలాడే సొరకాయ బుర్ర కూడా ఉందని చూసి ఇంకోసారి వెళ్లి చూసొస్తానన్నాడు.

చివర సోములమ్మ వంతు వచ్చింది. ఆమె నెమ్మదిగా నడుచుకుంటూ పనసచెట్టు దాటి తన ఇంటి ముందు ఆగింది. తలుపు పక్క గోడ మీద తెల్లగా 17 అని ఉంది. అక్కడితో నవ్వులు ఆగిపోయాయి. ఎవరి మంచం దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు.

"ఉన్న ఇల్లు ఎలా తీత్తాను?" అంది భాను.

"ఆటే కదా."

"ఆటే అయితే నీకెందుకయ్యా అంత కోపం?"

సోంబరు గోడకి ఆనించి ఉన్న గునపాన్ని అవసరం లేకపోయినా ఇంకోవైపుకి మార్చాడు. గుమ్మం పక్కన భాను తల్లి సోని అడ్డాకులు కుడుతోంది. ఆకు మీద ఆకు పెట్టి పుల్ల గుచ్చుతోంది గాని తల ఎత్తలేదు. ఆ ఇంట్లో సోని ఆడిన మాటలకన్నా కుట్టిన విస్తళ్లే ఎక్కువ.

"నిన్ను సదూకోమని పంపినాను. ఆటలాడుకోమని కాదు," అన్నాడు సోంబరు కాస్త తగ్గి.

"ఆదివారం గుడ్డలుతుక్కున్నాక మూడు నుంచి అయిదు దాకా మాకు ల్యాబ్ ఇత్తారు. ఆ రెండు గంటలూ మావి. ఏం సేసుకున్నా ఎవరూ అడగరు. రాజకుమారి విశాఖపట్నం బీచ్ కడదామంది. రమణి పెద్ద షాపు కడదామంది. నానే మా ఊరు కడదామన్నాను."

"ఎవుడు కట్టమన్నాడు?"

"నువ్వే. ఊరు మునిగిపోతాదని జనవరిలో ఫోన్ సేసి సెప్పింది నువ్వే కదా."

సోంబరు ఆ ఫోను మర్చిపోలేదు. టవర్ అందే బండ దాకా కొండెక్కి, నాలుగు మాటలు చెప్పి, గొంతు పూడుకుపోతే సిగ్నల్ లేదని కట్ చేశాడు. అవతల ఆ పిల్ల ఏం చేసి ఉంటుందో అతను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఆదివారమే ఆ పిల్ల ల్యాబ్‌లో కూర్చుని మొదటి రాయి పెట్టింది. ఫిబ్రవరిలో రెండో శనివారం సెలవు కలిసొస్తే రమణిని వెంటబెట్టుకుని ఊరొచ్చి, రమణి ఫోన్‌లో ఇల్లిల్లూ ఫోటో తీసుకుని వెళ్లింది. వాళ్లు పెట్టుకున్న షరతు ఒకటే, కంటితో చూడనిది ఆటలో పెట్టకూడదు. ఎవరింటికి ఎన్ని మెట్లు, ఏ గోడకి ఏ వైపు తలుపు, ఏ పందిరి మీద చిక్కుడు, ఏ పందిరి మీద సొర. అప్పటికి సర్వేవాళ్లు మొదటిసారి వచ్చి గోడల మీద నెంబర్లు వేసి వెళ్లారు. పిల్లలు ఆ నెంబర్లు కూడా వేశారు.

ఒకరోజు రమణి సరదాకి ఆటలో పై గట్టు మీద బకెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరించింది. నీళ్లు మెట్టుమెట్టుకీ దిగి ఇళ్లల్లోకి వచ్చాయి. రాజకుమారి, రమణి పడీ పడీ నవ్వారు. భాను లేచి బయటికి వెళ్లి కుళాయి దగ్గర ఏడ్చింది. అది చూశాక రమణి పాత ఫైలు తెరిచి ఊరిని మళ్లీ ఆరబెట్టింది. ఆటలో ఆ సౌకర్యం ఉంది.

"అయ్యా, ఒక్క మాట అడుగుతాను," అంది భాను. "రెండోసారి సర్వేవాళ్లు వచ్చినప్పుడు సిన్నమ్మ ఇంటిని పశువుల సాల అని ఎందుకు సెప్పినావు?"

సోని చేతిలో పుల్ల ఆగింది.

"గోడ మీద నెంబరు లేదు. ఇది ఎవులిల్లని అడిగినారు. మాదే, సాల అన్నాను. నా తమ్ముడిది నాది కాదేటి?" సోంబరు గొంతు లేచింది. "ఆ ఇంటికి నడిమి రాట నాను మోసినాను. నా బుజం మీద ఇంకా మచ్చ ఉన్నాది. భీమన్న పోయినాడు. ఆడి పెళ్లాన్ని నాను వేరెట్టీసినానని నలుగురూ అనుకోవాలా? కాయితం మీద ఆళ్లిల్లు వేరు, మాయిల్లు వేరు అని రాయించాలా?"

"సిన్నయ్య పోయినాక ఈ మూడేళ్లూ సిన్నమ్మ ఆ ఇంట్లోనే వేరే వండుకుంటన్నాది."

"నాను వండుకోమన్నానేటి?"

"వద్దని కూడా అనలేదు కదా."

సోంబరు కూతురి వైపు అదోలా చూశాడు. అసలు మాట అప్పుడు బయటికొచ్చింది.

"రేపు ఆ మంగరాజు వచ్చి ఆ కొత్తింట్లో కూకుంటే? నా తమ్ముడి పేరు మీద వచ్చిన ఇంట్లో?"

మంగరాజు అవతలి కొండ ఊరివాడు. సంతకి జీపు నడుపుతాడు. పెళ్లాం పోయి నాలుగేళ్లయింది. సోములమ్మని చేసుకుంటానని కబురు పెట్టి రెండు నెలలైంది. ఆ కొండల్లో మారుమనువు తప్పు కాదు, సోంబరు కూడా తప్పనడు. కానీ తమ్ముడి గుమ్మంలో పరాయివాడి చెప్పులు ఊహించుకుంటే అతనికి ఊపిరాడటం లేదు. అది ప్రేమే. ఆ ప్రేమ కింద బతికున్న మనిషి నలిగిపోతోందని అతనికి తట్టలేదు.

"సభ లోగా ఆ ఇల్లు తీసీకపోతే," అన్నాడు తువ్వాలు దులుపుకుని లేస్తూ, "ఈ పెట్టె మీ సారుకి పంపించీసి నువ్విక్కడే ఉండిపో. సదువు సాలు."

భాను తల్లి వైపు చూసింది. సోని ఇంకో ఆకు తీసుకుంది.

* * *

సోములమ్మ ఇల్లు పనసచెట్టుకి అవతల ఉంది. ఎర్రమట్టి అలికిన గోడ, కింద నల్లటి పట్టీ. ఊళ్లో ఇంతకన్నా శుభ్రమైన గోడ లేదు. అదే ఆమె కొంప ముంచింది. చైత్ర పండగ వస్తోందంటే జీలుగుపుట్టు ఆడవాళ్లు గోడలన్నీ కొత్తగా అలుకుతారు. మిగతావాళ్లు నెంబరు చుట్టూ వదిలేసి అలికారు. సోములమ్మకి ఆ తెల్లరంగు పండగ గోడ మీద మరకలా అనిపించింది. దాని మీద కూడా రెండు పూతలు వేసింది. ఆ తర్వాతే సర్వేవాళ్లు రెండోసారి వచ్చారు.

భాను వెళ్లేసరికి ఆమె పొయ్యి మీద రాగిపిండితో సోడి అంబలి కలుపుతోంది.

"ఇన్నాను," అంది తల తిప్పకుండా. "మీ అయ్య గొంతు పనసచెట్టు దాకా ఇనిపించింది. తీసీయే గుంటా. నా కోసం సదువు పోగొట్టుకోకు."

"తీయను."

"తుడిసింది నా సెయ్యే. ఎవులినీ అనడానికి నేదు."

"సాల అంది నీ సెయ్యి కాదు కదా, సిన్నమ్మా. నువ్వెళ్లి అయ్యని అడగొచ్చు కదా."

సోములమ్మ నవ్వింది. ఆ నవ్వులో సరదా లేదు. ఆ ఊరి ఆచారం ప్రకారం మొగుడి అన్న ఎదట తమ్ముడి పెళ్లాం నిలబడి మాట్లాడదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే తలుపు చాటు నుంచో, పిల్లల నోటో చెప్పిస్తుంది. ఆ ఇంటికి వచ్చిన పదకొండేళ్లలో సోములమ్మ సోంబరుతో ఒక్క మాట కూడా నేరుగా ఆడలేదు. భీమన్నని పాడె మీద మోసుకెళ్లిన రోజు కూడా ఆమె ఏడుపు గోడ వైపు తిరిగే ఏడ్చింది.

భాను లాప్‌టాప్ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. "నిన్న గుమ్మం దగ్గరే ఆగిపోయినావు. లోపలికెల్లి సూడు."

సోములమ్మ చీర కొంగుతో వేళ్లు తుడుచుకుని మీట నొక్కింది. తలుపు తెరుచుకుంది. లోపల నులకమంచం, మూల కుండలు, గోడకి విల్లు. భీమన్న విల్లు ఆటలో కూడా కాస్త వంకరగానే వేలాడుతోంది. ఆమె దాని ముందు చాలాసేపు ఆగింది. తర్వాత ఇటు తిరిగి ముఖం చిట్లించింది.

"పొయ్యి అక్కడ కాదే."

"ఏటి?"

"గోడకి ఆనించి ఎట్టినావు. సూడు, ఇక్కడ." నిజమైన పొయ్యి వైపు వేలు చూపించింది. "గోడకి మూరెడు ఎడం ఉండాల. గోడ మసి పట్టకుండా మీ సిన్నయ్య అలా కట్టినాడు. ఆడు పెట్టిన రాళ్లే ఇయి. మూడోది పుట్టు వంకర, కింద సిన్న పెంకు ఎట్టాల, నేపోతే కుండ ఒరిగిపోద్ది."

భాను పొయ్యి గడులు తీసి ఒక గడి ఇవతలికి జరిపింది. ఆటలో పెంకు ముక్క దొరకలేదు. వంకరకి బదులు ఒక మెట్టు గడి పెట్టి చూపించింది. సోములమ్మ మెడ అటూ ఇటూ తిప్పి చూసి ఒప్పుకుంది.

"ఇప్పుడు నాది," అంది.

అంబలి ఉడుకుతూ చప్పుడు చేసింది. సోములమ్మ లేచి దింపింది, రెండు గిన్నెల్లో పోసింది, ఒకటి భాను ముందు పెట్టింది.

"మంగరాజు సంగతి కూడా ఇన్నాను. మనువు సేసుకుంటానో నేదో నాకే తెలీదు. తెలిసిన రోజు సెప్తాను. ఇంటి సంగతి మాత్రం తెలుసు. ఆడొచ్చినా రాకపోయినా ఇది నా ఇల్లు." అంబలి ఒక్క గుక్కలో తాగేసింది. "సభకి నానూ వత్తాను. బేగి తాగు."

* * *

బడి వరండాలో ఆఫీసరు కుర్చీ, బల్ల వేశారు. మగవాళ్లు ముందు కూర్చున్నారు. ఆడవాళ్లు మెట్ల కింద నీడలో కూర్చున్నారు. సోంబరు మొదటి వరసలో ఉన్నాడు. భాను చంకలో లాప్‌టాప్ చూడగానే అతని ముఖం మాడిపోయింది. ఆమె అటు చూడలేదు. చూస్తే కాళ్లు ఆగిపోతాయని ఆమెకి తెలుసు.

ఆఫీసరు మైదాన ప్రాంతం మనిషి, నలభై దాటినవాడు, చెడ్డవాడు కాదు. ఇరవై మూడు పేర్లూ నింపాదిగా చదివి, "అభ్యంతరాలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

"ఒక ఇల్లు పోయింది సార్," అని భాను లేచింది. "పదిహేడో నెంబరు."

"పదహారు తర్వాత పద్దెనిమిదే ఉంది. పదిహేడు పశువుల సాల అని రెండో సర్వేలో కొట్టేశారు."

"సాల కాదు సార్. మా సిన్నమ్మ ఇల్లు. సూడండి." లాప్‌టాప్ తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది.

ఆఫీసరు వంగి చూసి నవ్వాడు. "ఇది గేమ్ కదమ్మా. మావాడూ ఆడతాడు. వాడు కిందటి వారం చంద్రుడి మీద ఇల్లు కట్టాడు. అది కూడా జాబితాలో రాయనా?"

మగవాళ్లలో కొందరు నవ్వారు. భాను చెవులు వేడెక్కాయి. కానీ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

"మేం సూడనిది ఏదీ ఎట్టలేదు సార్. మీకు నమ్మకం లేకపోతే ఏదైనా అడగండి. ఏ ఇల్లయినా."

ఆఫీసరుకి సరదా వేసింది. ఊరి పూజారి ఎవరని అడిగితే సింహాచలం చెయ్యెత్తాడు. "మీ ఇంటికి మెట్లెన్ని?"

"మూడు బాబూ. మూడోది ఇరిగిపోయింది."

భాను మీటలు నొక్కుకుంటూ సింహాచలం ఇంటి ముందుకి వెళ్లింది. రెండు మెట్లు నిండుగా ఉన్నాయి. మూడోది సగమే ఉంది. ఆఫీసరు ఈసారి నవ్వలేదు. ఇంకో ఇంటి కిటికీలు అడిగాడు, బావి గట్టు అడిగాడు, బడికి గంట ఎటువైపు ఉందో అడిగి తనే తలెత్తి చూసుకున్నాడు. అన్నీ సరిపోయాయి. చివరికి తనే పదిహేడుకి నడిపించమన్నాడు. గోడ మీద తెల్లటి అంకెలు చూసి అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఫోటో ఉందా?"

"రమణి ఫోన్ నిండిపోతే ఫోటోలన్నీ సెరిపీసింది సార్. ఊరు కట్టడం అయిపోయింది కదా, ఇంక అక్కర్లేదనుకున్నాం."

"నేను నమ్ముతున్నానమ్మా. నా ఫైలు నమ్మాలి కదా." పెన్ను బల్ల మీద తట్టాడు. "రూలు ఒకటే. వేరే పొయ్యి ఉంటే వేరే ఇల్లు. ఆమె ఉందా ఇక్కడ? వచ్చి చెప్పమనండి. వేరుగా వండుకుంటున్నావా తల్లీ?"

సోములమ్మ లేచి మెట్ల దాకా వచ్చింది. ఎదురుగా మొదటి వరసలో సోంబరు ఉన్నాడు. ఆమె గిరుక్కున గోడ వైపు తిరిగి, భానుని దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది.

"నా పొయ్యి వేరని సెప్పమంటంది సార్."

"ఆమె నోటితో చెప్పాలి."

సోములమ్మ పెదాలు కదిలాయి. మాట రాలేదు. కొంగు అంచుని వేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకుంది. భానుకి పిన్ని మీద పీకల దాకా కోపం వచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

సోంబరు లేచాడు. "ఆళ్ల కూడూ నీళ్లూ నాను సూసుకుంటాను బాబూ. ఒకటే ఇల్లు. రేపో మాపో మనువు సేసుకుని ఎల్లిపోయే మనిషికి ఇల్లెందుకు?"

ఆ మాట నలుగురిలో పడగానే ఆడవాళ్లు తలలు తిప్పి సోములమ్మని చూశారు.

"పెళ్లి సంగతి నా ఫైల్లో లేదు," అన్నాడు ఆఫీసరు. "రేపు పొద్దున ఎనిమిదింటికి నేనే వస్తాను. ఆ ఇంట్లో పొయ్యి మండుతూ ఉండాలి. అది పొయ్యేనని పూజారి గారు చెప్పాలి. రెండూ ఉంటే ఇరవై నాలుగని రాస్తాను. లేకపోతే ఇరవై మూడు పంపించేస్తాను, ఆ తర్వాత నా చేతిలో లేదు."

సోంబరు తువ్వాలు భుజాన వేసుకుని అందరికన్నా ముందే వెళ్లిపోయాడు. లాప్‌టాప్ ఛార్జింగ్ అయిపోయి ఊరు తెర మీద నుంచి మాయమైంది.

* * *

భాను, సోములమ్మ ఇంటికి వచ్చేసరికి పొయ్యి లేదు.

తలుపు బార్లా తీసి ఉంది. పొయ్యి గట్టు పగిలి మట్టిపెళ్లలు ఇల్లంతా పడ్డాయి. మూడు రాళ్లూ వాకిట్లో దొర్లి ఉన్నాయి. అంబలి కుండ మాత్రం ఎవరో జాగ్రత్తగా తీసి మూల పెట్టినట్టుంది. గడప దగ్గర గునపం పడి ఉంది. పొద్దున సోంబరు అటూ ఇటూ మార్చిన గునపమే అది.

భాను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తండ్రి అరుస్తాడని తెలుసు, చదువు మానిపిస్తాడనీ తెలుసు. తమ్ముడు కట్టిన పొయ్యిని పగలగొడతాడని మాత్రం అనుకోలేదు.

సోములమ్మ ఏడవలేదు. వాకిట్లోకి వెళ్లి మూడు రాళ్లూ ఏరుకొచ్చింది. పుట్టు వంకరున్న రాయి మీద మట్టి తుడిచి, పగుళ్లేమైనా ఉన్నాయేమోనని తిప్పి చూసింది. ఏమీ లేవు.

"గట్టు దగ్గర ఎర్రమట్టి తే," అంది. "నీళ్లు కూడా."

ఇద్దరూ మట్టి తొక్కారు. సోములమ్మ గోడకి మూరెడు కొలిచి రాళ్లు పెట్టింది, వంకర రాయి కింద పెంకు దోపింది, చుట్టూ గట్టు పోసి అరచేత్తో నున్నగా అలికింది. ఎండ పడమటి కొండ మీదికి జారేసరికి పొయ్యి లేచింది. భాను అగ్గిపెట్టె అందించింది.

"ఆగు," అన్నాడు వాకిట్లో నుంచి సింహాచలం. ఎప్పుడొచ్చాడో, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "కొత్త పొయ్యికి మొదటి నిప్పు పెద్దింటి నుంచి రావాల. తరవాత రోజూ అగ్గిపుల్ల గీసుకున్నా నాను అడగను. మొదటిది మాత్రం పెద్దింటిదే. అలా కాకపోతే రేపు ఆఫీసరు ముందు నాను దాన్ని పొయ్యి అనలేను సోములమ్మా. నీ మీద పగ కాదు. మా తాత సెప్పినట్టే నానూ సెప్పాల."

పెద్దిల్లంటే మొగుడి అన్న ఇల్లు, సోంబరు ఇల్లు.

"తాతా, పగలగొట్టినోళ్లనే నిప్పడగాలా?" అంది భాను.

సింహాచలం నేల చూపులు చూశాడు. "అడగాల."

సోములమ్మ మట్టి చేతులు కడుక్కుంది. మూల నుంచి పగిలిన కుండపెంకు తీసి అందులో బూడిద పరిచింది, నిప్పు ఆరిపోకుండా. కొంగు తల మీదికి లాక్కుంది.

"నానడుగుతాను సిన్నమ్మా. ఎప్పుడూ నానే కదా."

"రా," అంది సోములమ్మ. అడుగుతానన్న మాటకి జవాబివ్వలేదు.

పనసచెట్టు కిందుగా ఇద్దరూ నడిచారు. అటూ ఇటూ గుమ్మాల్లో జనం లేచి నిలబడ్డారు. సోంబరు తన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అతని అరచేతులకి ఇంకా మసి ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి. అతన్ని అలా చూసేసరికి భానుకి, అంత కోపంలోనూ, జాలేసింది.

సోంబరు నేల వైపు చూస్తూ కూతురినే అడిగాడు. "ఏటి కావాలంట మీ సిన్నమ్మకి?"

భాను నోరు తెరిచింది. ఆమె భుజం మీద సోములమ్మ చెయ్యి పడింది. ఆ చెయ్యి బలంగా పట్టుకుంది. సోములమ్మ భానుని పక్కకి జరిపి, ఒక అడుగు ముందుకు వేసి, సోంబరు ఎదురుగా నిలబడింది. గోడ వైపు తిరగలేదు.

"నిప్పు కావాలి బావా," అంది.

పదకొండేళ్లలో అది ఆమె అతనితో ఆడిన మొదటి మాట. సోంబరు ఉలిక్కిపడి తలెత్తాడు. మరదలి ముఖం అతను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చూడలేక లేచి నిలబడ్డాడు, గుమ్మానికి అడ్డంగా.

"నేదు," అన్నాడు. "ఈ ఇంట్లో నిప్పు నేదు."

అతని వెనక చూరు సందుల్లోంచి వంటింటి పొగ నింపాదిగా పైకి లేస్తోంది. ఆ పొగని ఊరంతా చూస్తోంది. సోములమ్మ చేతిలో పెంకు అలాగే చాచి ఉంది. ఆమె ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

లోపల విస్తళ్ల కట్ట కింద పెట్టిన చప్పుడైంది.

"ఉన్నాది," అంది సోని.

ఆ రోజంతటికీ ఆమె నోరు విప్పింది అప్పుడే. పట్టకారుతో ఎర్రటి నిప్పు కణిక పట్టుకుని చీకటి గదిలోంచి వచ్చి, మొగుడి వెనక ఆగింది.

"జరుగు."